నలభై ఒకటో బొమ్మ

ఆయన చూపు మీద నాకు ఎప్పుడూ అనుమానం లేదు. అందుకే పదకొండేళ్ళు ఆగాను.

మా విభాగంలో అందరూ ఆయన్ని సారు అంటారు. ఆస్పత్రిలో సార్లు చాలామందే ఉన్నారు గానీ, ఒట్టి సారు అంటే ఆయనే. గుండె బొమ్మ చూసి, ఈ మనిషికి వైద్యం పనిచేస్తుంది, ఈ మనిషికి చెయ్యదు అని ముందే చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని పేరు. ఆ పేరు అబద్ధం కాదు. తిట్టుకునేటప్పుడైనా వాడు, వీడు అనాలని చాలాసార్లు ప్రయత్నించాను. నోరు తిరగలేదు. ఇరవై మూడేళ్ళు ఒకరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాక తిట్టు కూడా మర్యాదగానే వస్తుంది.

నేను డాక్టర్ని కాను, బొమ్మలు తీసేదాన్ని. గుండె నీరసించి నాలుగు మెట్లెక్కితే ఆయాసపడే మనుషులు మా దగ్గరికి వస్తారు. చేతి నరంలోకి కొద్దిగా రేడియోధార్మిక మందు ఎక్కిస్తాం. అది రక్తంతో పాటు గుండెకు చేరుతుంది. బతికున్న కండరం దాన్ని పీల్చుకుని తెర మీద వెలుగుతుంది, చచ్చి మచ్చకట్టిన కండరం చీకటిగా ఉండిపోతుంది. మనిషిని సన్నటి బల్ల మీద పడుకోబెట్టి, చేతులు రెండూ తలపైకి ఎత్తించి, కెమెరాను ఛాతీ చుట్టూ సగం దాకా తిప్పుతాను. అరవై నాలుగు చోట్ల ఆగి అరవై నాలుగు బొమ్మలు తీస్తుంది.

వాటిని చూసి, మూడు తీగల పేస్‌మేకర్ ఎవరికి పెట్టాలో, ఎవరికి అక్కర్లేదో సారు తేలుస్తారు. గుండె రెండు పక్కలా ఒక్కసారి ముడుచుకోక లయ తప్పినవాళ్ళకు ఆ పరికరం పెడతారు. మూడో తీగ గుండె ఎడమ గోడకు తగలాలి. గోడ బతికుంటే మనిషి తేరుకుంటాడు. చచ్చిపోయి ఉంటే తీగ పెట్టడమూ గోడకు చెప్పుకోవడమూ ఒకటే.

మా అన్నయ్య ఇళ్ళకు రంగులు వేసేవాడు. ఎడమచేతి వాటం. ముప్పై ఏళ్ళు నిచ్చెన మీద నిలబడి ఎడమచేత్తో సీలింగులు పూసి పూసి ఆ భుజం అరగదీసుకున్నాడు. చివరికి ఆ చెయ్యి ఛాతీ దాటి పైకి లేచేది కాదు. చొక్కా తొడుక్కోవాలంటే వదిన రావాలి. రాజుగారి జీవితం నాది, బట్టలు కూడా మనుషులే తొడుగుతారు అని నవ్వేవాడు. ఆ తర్వాత గుండె నీరసించింది. పేస్‌మేకర్లు పెట్టే డాక్టరు పరీక్షించి, ముందు బొమ్మ తీయించుకు రమ్మని మా విభాగానికి పంపాడు.

సొంతవాళ్ళకు మనమే బొమ్మ తియ్యకూడదన్నది మా దగ్గర నియమం. అందుకని తోటి టెక్నీషియన్ తీసింది. అన్నయ్య ఎడమచెయ్యి ఎత్తలేక మూలుగుతుంటే ఆవిడ జాలిపడి, పోనీలెండి, పక్కనే పెట్టుకోండి అంది. మా పనిలో జాలికంటే ప్రమాదం ఇంకోటి లేదు. ఎముకా కండా ఉన్న చెయ్యి గుండెకూ కెమెరాకూ మధ్య అడ్డం వస్తే గుండె వెలుగు దాన్ని దాటి పూర్తిగా రాలేదు. సరిగ్గా ఎడమ గోడ మీదే నీడ పడుతుంది. బతికున్న గోడ చచ్చినట్టు కనిపిస్తుంది.

ఈ సంగతి మాకు నేర్పింది సారే. కొత్తగా వచ్చిన ప్రతి డాక్టరుకీ మొదటి రోజే చెప్తారు, ముందు తిరిగే బొమ్మ చూడండి, ఆ తర్వాతే గుండె చూడండి అని. అరవై నాలుగు బొమ్మల్నీ వరసగా నడిపిస్తే మనిషి ఛాతీ గిర్రున తిరుగుతున్నట్టు ఉంటుంది. చెయ్యి నీడ అందులో ఎవరికైనా తెలిసిపోతుంది. ఆ రోజు మాత్రం సారు అది చూడలేదు. మధ్యాహ్నం ఆయనకు ఎక్కడో సన్మానం ఉంది. పన్నెండు కొట్టేలోపల ఇరవై రెండు రిపోర్టులకు సంతకాలు పెట్టేశారు. అన్నయ్యది పందొమ్మిదోది. ఎడమ గోడ మొత్తం మచ్చ, పరికరం వల్ల ప్రయోజనం లేదు. అంతే. మనిషి ప్రాణానికి ఒకటిన్నర వాక్యం.

భోజనం చేసి వచ్చి అది చదివాను. తిరిగే బొమ్మ తెరిచాను. చెయ్యి నీడ కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. అన్నయ్య ఇంకా కింద వరండాలోనే ఉన్నాడు, మందుల చీటీ కోసం. ఎక్కించిన మందు సాయంత్రం దాకా గుండెలో ఉంటుంది. కాబట్టి నియమం సంగతి పక్కన పెట్టి పైకి లాక్కొచ్చాను.

చెయ్యి ఎత్తడానికే పావుగంట పట్టింది. భుజం కింద మడిచిన తువ్వాళ్ళు దూర్చి, అంగుళం అంగుళం లేపి, తల దగ్గర నిలబడి ఆ మణికట్టును నా రెండు చేతులతో పట్టుకున్నాను. కెమెరా తిరిగినంతసేపూ, ఇరవై ఐదు నిమిషాలు, వదల్లేదు. నొప్పికి అన్నయ్య మొహం నల్లబడిపోయింది. కదిలావంటే మళ్ళీ మొదటినుంచి తియ్యాలని బెదిరించాను. సగం అయ్యాక కళ్ళు సీలింగు మూలకు తిప్పాడు.

"చిట్టీ, అక్కడ రంగు పెచ్చులూడుతోంది. రేపొచ్చేటప్పుడు నిచ్చెన తెచ్చుకోనా?"

తన మాటకు తనే నవ్వాడు. ఛాతీ ఒక్కసారి ఎగిరింది. నేను తిట్టాను.

తెర మీద బొమ్మ వచ్చింది. ఎడమ గోడ నిండా వెలుగు.

సారు నాలుగున్నరకు వచ్చారు, చేతిలో సన్మానంలో ఇచ్చిన జ్ఞాపికతో. గుమ్మంలోనే పట్టుకుని చెప్పాను. కోటు విప్పుతూ విన్నారు. సొంత మనిషికి బొమ్మ తియ్యకూడదని తెలియదా అని అడిగారు. తెలుసన్నాను. ఒక్కసారి చూడండి, ఒక్క వాక్యం మార్చండి చాలు అని బతిమాలాను. ఆయన జ్ఞాపికను బల్ల మీద పెట్టి, అది తిన్నగా ఉందో లేదో చూసుకున్నారు.

"సంతకం అయిపోయింది. బొమ్మ తియ్యడం నీ పని, చూడ్డం నా పని. అది చెరిపెయ్."

తెర ఆయనకు రెండడుగుల దూరంలో ఉంది. అటు తల కూడా తిప్పలేదు. మర్నాడు నా ఫైల్లో ఒక కాగితం చేరింది. నియమం ఇంకోసారి తప్పితే ఉద్యోగం ఉండదని.

నేను చెరపలేదు. రోజూ ఉదయం కెమెరా సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడటానికి, నీళ్ళు నింపిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి బల్ల మీద పెట్టి దానికి బొమ్మ తీస్తాం. ఆ డబ్బా బొమ్మలు వేలకు వేలు పడుంటాయి, వాటిని తెరిచే నాథుడు లేడు. అన్నయ్యను తీసుకెళ్ళి ఆ డబ్బాల మధ్య దాచాను.

ఆ బొమ్మ పట్టుకుని ఇంకో ఆస్పత్రికి పోవచ్చు కదా అని మీరు అడగొచ్చు. అడగండి. నేనూ అడుగుతూనే ఉన్నాను. బొమ్మ బయటికి తీస్తే ఉద్యోగం పోతుందన్న భయం నిజమే. కానీ అది ఒక్కటే కాదు. ఇంటికి వెళ్ళేసరికి నా కళ్ళ మీద నాకే నమ్మకం పోయింది. అంతటి మనిషి చచ్చిందన్న గోడ నాకు బతికున్నట్టు కనిపించిందంటే, నా తోబుట్టువు కాబట్టి అలా కనిపించిందేమో అనుకున్నాను. రెండోసారి తీశావుగా, ఏమొచ్చింది అని అన్నయ్య అడిగాడు. వదిన పక్కనే ఉంది. మామూలే, కొత్తగా ఏం లేదన్నాను.

పద్నాలుగు నెలలు. ప్రతి ఆదివారం వెళ్ళి ఆ భుజానికి నూనె రాసి కాపడం పెట్టేదాన్ని. మొదట్లో వీధి చివరిదాకా నడిచేవాడు, తర్వాత గుమ్మం దాకా, తర్వాత మంచం దిగి కుర్చీ దాకా. పద్నాలుగో నెలలో కుర్చీలో కూర్చునే పోయాడు. డాక్టరుగారు రిపోర్టులో ఉన్నదున్నట్టు రాశారు, మన చేతిలో ఏముంది అని వదిన తన మనసుకు సర్దిచెప్పుకుంది. దాన్ని కదపడం ఎందుకని నేను ఊరుకున్నాను. కానీ లోపల మాత్రం ఒక్క రోజు ఊరుకోలేదు. సారు మా అన్నయ్యను పొట్టన పెట్టుకున్నారు. ఆయనకు తలుపు తీసినప్పుడల్లా, ఆయన కుర్చీ సర్దినప్పుడల్లా, నమస్కారం సార్ అన్నప్పుడల్లా ఈ మాటే లోపల అనుకునేదాన్ని. ఆయన జలుబు చేసి తుమ్మితే కూడా నాకు కొంచెం హాయిగా ఉండేది.

మూడేళ్ళ తర్వాత ఒక కొత్త డాక్టరమ్మ ఒక రిపోర్టు తప్పు రాసింది. అదృష్టం బాగుండి రోగికి ఏమీ కాలేదు. అయినా సారు ఆ అమ్మాయిని అందరి ముందూ నిలబెట్టి, రోగి ఇంటికి ఫోన్ చేయించారు, అవతలి మాటలు గదిలో అందరికీ వినబడేలా స్పీకరు పెట్టి. ఆ అమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ రోజే నియమం రాసి గోడకు తగిలించారు. రిపోర్టు తప్పని తేలితే, ఎన్నేళ్ళ తర్వాతైనా సరే, సవరణ ఫారం నింపాలి. సంతకం పెట్టినవారే రోగి ఇంటికి ఫోన్ చేసి, అందరూ వింటుండగా చెప్పాలి. ఎన్నేళ్ళ తర్వాతైనా అన్న మాట కింద ఆయనే స్వయంగా గీత గీశారు. నేను రోజూ ఆ గీతకు ఎదురుగా కూర్చుని టీ తాగేదాన్ని.

ఈ ఏడాది యాజమాన్యం ఒక కంప్యూటర్ ప్రోగ్రాం కొంటామంది. గుండె బొమ్మ చూసి, పేస్‌మేకర్ ఎవరికి పనిచేస్తుందో అదే చెప్పేస్తుందట. సారుకి తల తీసేసినట్టయింది. తన కన్ను గొప్పదో ఆ పెట్టె గొప్పదో తేల్చుకుంటానన్నారు. పరికరం పెట్టించుకున్న అరవైమంది పాత బొమ్మలు ఏరాలి. వాళ్ళలో ఎవరు తేరుకున్నారో, ఎవరు తేరుకోలేదో రికార్డుల్లో ఉంది. పేర్లూ తేదీలూ తీసేసి నంబర్లు వెయ్యాలి. సారు ఒక్కో బొమ్మా చూసి, తేరుకుంటాడో లేదో కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. అప్పుడు ఆ నంబరు కవరు విప్పి, ప్రోగ్రాం ఏమందో, మనిషికి నిజంగా ఏమైందో పైకి చదవాలి. సంతకం ముందు, కవరు తర్వాత. ఇది కూడా ఆయన పెట్టిన పద్ధతే. బొమ్మలు ఏరడం, నంబర్లు వెయ్యడం, కవర్లు అంటించడం నాకు అప్పగించారు. పాత గుట్టల్లో ఏది ఎక్కడుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే.

నీళ్ళ డబ్బాల మధ్య నుంచి అన్నయ్యను బయటికి తీశాను. నలభై ఒకటో నంబరు ఇచ్చాను. అప్పటికి సారు మంచి ఊపు మీద ఉంటారు, ఇంకా అలసిపోరు.

ప్రోగ్రాం అరవై బొమ్మలూ ముందే చూసేసింది. నలభై ఒకటి తేరుకుంటాడనే చెప్పింది. నాకు ఆనలేదు. యంత్రం మాటతో నా కడుపుమంట చల్లారదు. ఆయన నోటితో రావాలి. రాకపోతే? సారు తెర చూసి, గోడ చచ్చిపోయింది, దండగ అంటే? అప్పుడు ఆయన ఆ రోజు చూడకుండా అన్నదే నిజమవుతుంది. నా పదకొండేళ్ళూ బూడిదలో పోసినట్టవుతాయి. అయినా ఆ కవరు అంటించాను. నేను నమ్మే న్యాయమూర్తి లోకంలో ఒక్కరే ఉన్నారు, ఆయనే ముద్దాయి. ఏం చెయ్యను.

ఉదయం పదింటికి మొదలుపెట్టారు. కిటికీలకు తెరలు దించిన గది, రెండు పెద్ద తెరలు, ముందు కుర్చీలో సారు. వెనక పేస్‌మేకర్ డాక్టరు, యాజమాన్యం నుంచి ఒకావిడ, చిన్న డాక్టర్లు ఆరుగురు. పక్క బల్ల దగ్గర కవర్లతో నేను. సారు అంత శ్రద్ధగా బొమ్మలు చూడగా నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్కో బొమ్మకూ రెండు నిమిషాలు. నలభై అయ్యేసరికి ఆయన మూడు తప్పారు, ప్రోగ్రాం ఆరు తప్పింది. చిన్న డాక్టర్లు గుసగుసలాడుతున్నారు. ఆయన గెలుస్తుంటే అందరికంటే నాకే సంతోషంగా ఉంది. ఎంత పైకి ఎక్కితే అంత మంచిది.

నలభై ఒకటి తెర మీదికి తెచ్చాను.

"ముందు తిరిగే బొమ్మ" అన్నారు సారు, అలవాటుగా. ఛాతీ గిర్రున తిరిగింది. చేతులు రెండూ పైకే ఉన్నాయి, అడ్డం ఏమీ లేదు, శుభ్రంగా తీశారు అని మెచ్చుకున్నారు. ఒకచోట ఆపారు. ముప్పై మూడో బొమ్మ. "ఇక్కడ మనిషి కొంచెం కదిలాడు. ఒక్కసారే. దగ్గు కాదు, నవ్వినట్టున్నాడు. పర్లేదు, దీనివల్ల చెడిందేమీ లేదు."

చిన్న డాక్టర్లు నవ్వారు. నేను కవరు అంచు పట్టుకుని కింద పెదవి కొరుక్కున్నాను. అన్నయ్య పోయాక ఆ నవ్వు గురించి ఇంకొకరి నోట వినడం అదే మొదలు, అదీ ఈయన నోట.

సారు గుండె బొమ్మల్లోకి వెళ్ళారు. ముక్కలుగా కోసిన గుండె వరసలు వరసలుగా తెర నిండా పరుచుకుంది. ఆయన ముందుకు వంగారు. ఒక్కో వరసా పెన్నుతో చూపుకుంటూ కిందిదాకా వెళ్ళారు.

"ఎడమ గోడ చూడండి. ఎంత నిండుగా ఉందో. మిగతా గుండె కంటే ఆలస్యంగా ముడుచుకుంటోంది, అంతే గానీ చావలేదు. మచ్చ ఎక్కడా లేదు. తీగ సరిగ్గా ఇక్కడ తగిలించాలి. ఈ పొద్దున్న చూసినవాళ్ళందరిలోకీ బాగా తేరుకునేది ఇతనే. ఆరు నెలల్లో మూడంతస్తులు ఆగకుండా ఎక్కుతాడు."

నిచ్చెన కూడా ఎక్కేవాడు.

పేస్‌మేకర్ డాక్టరు ఏమైనా అనుమానం ఉందా అని అడిగాడు. ఆ బొమ్మ చూసి అనుమానపడేవాడు ఈ గదిలో ఉండక్కర్లేదన్నారు సారు. కాగితం మీద రాసి, సంతకం పెట్టి, తోక గీసి నా వైపు తోశారు.

నేను కవరు విప్పాను. ప్రోగ్రాం కూడా తేరుకుంటాడనే చెప్పిందని చదివాను. తర్వాతి పంక్తి చదివాను. అసలు జరిగింది: పరికరం పెట్టలేదు.

పరికరం పెట్టనివాడు ఈ లెక్కలోకి ఎలా వచ్చాడని పేస్‌మేకర్ డాక్టరు అడిగాడు. ఎందుకు పెట్టలేదో ఇందులోనే ఉంది, చదువుతానన్నాను. ఎడమ గోడ మొత్తం మచ్చ, పరికరం వల్ల ప్రయోజనం లేదు. తేదీ చదివాను. కింద ఉన్న సంతకం ఎవరిదో చదివాను. రోగి పద్నాలుగు నెలల తర్వాత చనిపోయాడని చదివాను. పాత కాగితం, ఇప్పుడు సంతకం పెట్టిన కాగితం పక్కపక్కన ఆయన ముందు పెట్టాను. రెండు సంతకాలకూ ఒకే తోక.

సారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. ఆ రిపోర్టు వేరే బొమ్మ చూసి రాసింది అన్నారు.

"అవును సార్. అది చెయ్యి అడ్డం ఉన్న బొమ్మ. దానికి మీరు తిరిగే బొమ్మ చూడలేదు. ఇది అదే రోజు నేను తీసింది. చెయ్యి నేనే పట్టుకున్నాను. మీరు చూడనన్నారు."

ఆయన నా మొహంలోకి చూశారు. గుర్తొచ్చింది. గుర్తురావడం కళ్ళారా చూశాను, ఆ ఒక్క క్షణం కోసం ఇన్నేళ్ళూ ఆ గీత ముందు టీ తాగాను.

"చెరిపెయ్యమన్నాను కదా" అన్నారు, మెల్లిగా. గది మొత్తానికీ వినబడింది.

నాకు ఎంత తృప్తిగా ఉందో చెప్తే మీకు నా మీద అసహ్యం వేస్తుంది. అయినా చెప్తాను. ఒళ్ళంతా చల్లగా అయింది. పొద్దున్నుంచి ఆయన గెలిచిన ప్రతి నంబరూ ఇప్పుడు ఆయన మెడకే చుట్టుకుంది. కన్ను మందగించిందని అనడానికి లేదు, బొమ్మ బాగాలేదని అనడానికి లేదు. శుభ్రంగా తీశారని తనే మెచ్చుకున్నారు.

గోడ పక్క అర నుంచి సవరణ ఫారం తెచ్చి ముందు పెట్టాను. ఆయన సంతకం తప్ప మిగతా గడులన్నీ ముందే నింపాననుకున్నాను. ఫోన్ నంబరుతో సహా.

"నీ ఉద్యోగం పోతుంది, తెలుసుగా."

"తెలుసు సార్. ముందు ఫోన్."

ఆయన వెనక్కి తిరిగి అందర్నీ చూశారు. ఏ ఒక్కరైనా, పోనీలెండి, చనిపోయిన మనిషికి ఇప్పుడు ఫోన్ ఎందుకు అంటారని ఎదురుచూశారు. యాజమాన్యం ఆవిడ గోడ మీది నియమం చదువుతోంది. పేస్‌మేకర్ డాక్టరు నేల చూపులు చూస్తున్నాడు. నేను స్పీకరు నొక్కి నంబరు కలిపాను. ఆ వేళకు వదిన ఇంట్లోనే ఉంటుంది.

ఏం జరుగుతుందో నేను వందసార్లు ఊహించుకున్నాను. వదిన ఏడుస్తుంది, శాపనార్థాలు పెడుతుంది. ఆ శాపాలు ఆయన పదిమందిలో కూర్చుని వింటారు. కానీ సారు తన పేరూ ఆస్పత్రి పేరూ చెప్పగానే వదిన గొంతు మెత్తబడింది.

"నమస్కారం డాక్టరుగారూ, రిపోర్టు కింద మీ పేరు గుర్తుంది. ఆ రోజు లేనిపోని ఆశలు పెట్టకుండా నిజం రాసింది మీరొక్కరే. అందుకే ఆయన ఆ నాలుగు రోజులూ ఇంటిపట్టున ప్రశాంతంగా ఉన్నారు. ఎప్పుడైనా కనబడితే దణ్ణం పెట్టుకోవాలనుకునేదాన్ని."

సారు నీళ్ళ గ్లాసు కోసం చెయ్యి చాపి, అందక, చాపిన చెయ్యి అలాగే బల్ల మీద ఉంచేశారు. నేను ఫారం ఇంకో అంగుళం ముందుకు జరిపాను.

"అమ్మా, నేను ఆ రోజు రాసింది నిజం కాదు. తప్పు. గుండె గోడ బతికే ఉంది. పరికరం పెట్టి ఉంటే మీ ఆయన తేరుకునేవారు. సరైన బొమ్మ ఆ సాయంత్రమే నా ముందుకు వచ్చింది. నేను చూడలేదు."

అవతల కుళాయి కారుతున్న చప్పుడు. వదిన వంటింట్లో నిలబడి మాట్లాడుతోంది. కుళాయి కట్టేసిన చప్పుడు కూడా విన్నాను.

"ఎవరు తెచ్చారు మీ ముందుకి?"

సారు నావైపు చూశారు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి నన్ను అడిగారు, కళ్ళతో, చెప్పనా వద్దా అని. అందులో కక్ష లేదు. కక్ష ఉంటే నాకు తేలికగా ఉండేది. వదిన ఈ ప్రశ్న అడుగుతుందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నాకు తట్టలేదు. కవర్లు అంటించాను, ఫారాలు నింపాను, ఆయన ఏమంటే ఏమనాలో అన్నీ సిద్ధం చేసుకున్నాను. వదినకు చెప్పాల్సింది మాత్రం ఏమీ సిద్ధం చేసుకోలేదు.

"మీ ఆడపడుచు తెచ్చింది" అన్నారు సారు. "ఆ రోజే నాకు చెప్పింది. తప్పు నాదేనమ్మా."

"చిట్టీ, అక్కడే ఉన్నావా?"

"ఉన్నాను వదినా."

"నువ్వు ఆదివారం ఆదివారం వచ్చి ఆయన భుజానికి నూనె రాసేదానివి. రాసేటప్పుడు నీకు తెలుసా?"

గదిలో సారూ నేనూ కాక ఎనిమిదిమంది ఉన్నారు. తెర మీద అన్నయ్య గుండె ఇంకా అలాగే ఉంది, ఎడమ గోడ నిండా వెలుగుతో.

తెలుసన్నాను. వదిన ఇంకేమైనా అంటుందని చూశాను. ఫోన్ పెట్టేసింది.

సారు ఫారం మీద సంతకం పెట్టి, పెన్ను దాని మీదే ఉంచి నా వైపు జరిపారు. కింద ఇంకో గడి ఉంది, బొమ్మ తీసినవారు అని. ఇంకో సంతకం చెయ్యాల్సింది నేనేనని ఫారం నింపేటప్పుడు నేను గమనించలేదు. ఆ గడి ఖాళీగా ఉంటే ఫారం చెల్లదు. చెల్లకపోతే ఆయన తప్పించుకుంటారు. పెన్ను తీసుకుని సంతకం పెట్టాను.